మనిల్లు కనిపించే అంతస్తు

బోరబండ నుంచి జూబ్లీ హిల్స్ గుట్ట మీది టవర్‌కి మా ఆయన స్కూటర్ మీద వెళ్తే అరగంట కూడా పట్టదు. అలాంటిదాన్ని ప్రయాణం అనడానికి నాకే మొహమాటంగా ఉంది. కానీ ఆ శనివారం పొద్దున నేను సర్దిన సంచీ చూస్తే ఎవరైనా మద్రాసు దాకా వెళ్తున్నామనుకునేవారు. రెండు నీళ్ళ సీసాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పాపకి ఒక జత బట్టలు, బస్సులో వాంతి వస్తే పట్టడానికి కవర్లు, పులిహోర డబ్బా, ఆధార్ కార్డు, దాని జిరాక్స్, జ్వరం మందు. పాప పేరు కెజియా. ఐదేళ్ళు, యూకేజీ. దానికి జ్వరమేమీ లేదు. "మరెందుకే ఆ మందు?" అన్నాడు మా ఆయన డేనియల్. "వస్తే?" అన్నాను. ఆయనే ఆ సీసా మూత బిగించి సంచీలో పెట్టాడు.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి. నాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఆయనది మెదక్ వైపు. ఇద్దరం ఇక్కడి చర్చి పాటల గుంపులో కలిశాం. ఆయన జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమావాళ్ళ ఇంట్లో డ్రైవర్. డ్రైవర్లందరికీ ఒక మాట అలవాటు, మీరూ వినే ఉంటారు: "మన". మన బండి సర్వీసింగుకి పోయింది. మన కుక్కకు ఇంజెక్షన్ ఇప్పించినం. మన పూల్ల నీళ్ళు మార్చిన్రు ఇయ్యాల. ఆయన ఇంటికొచ్చి అన్నం తింటూ ఇలా చెప్తుంటే నాకు వింతగా తోచేది కాదు. ఏ డ్రైవరైనా అలాగే మాట్లాడతాడు. వినేవాళ్ళలో ఐదేళ్ళది ఒకతి ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

బళ్ళో 'మా ఇల్లు' బొమ్మ వేయమన్నారు. మా కెజియా పెద్ద గేటు, ఎర్ర పెంకుల మేడ, నీలంగా ఈత కొలను వేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. లేచి నిలబడి, "మా పూల్‌లో నిన్ననే నీళ్ళు మార్చారు మిస్" అని కూడా చెప్పింది. మా గల్లీలోనే ఉండే హారిక అదే క్లాసు. "లేదు మిస్, వీళ్ళు యాదమ్మ ఇంట్లో కిరాయికుంటరు" అంది. టీచరు కోప్పడలేదట, అబద్ధాలు చెప్పకూడదమ్మా అని మెల్లగానే అన్నదట. పిల్లలు మాత్రం ఆ రోజంతా "అబద్ధాల కెజియా" అని పిలిచారు. మర్నాటి నుంచి అది బడి మెట్లెక్కనంది.

నేను కూర్చోబెట్టి నచ్చజెప్పబోయాను. ఆ మేడ సార్ వాళ్ళది, మనిల్లు ఇది అన్నాను.

"ఇది యాదమ్మ అవ్వది కదా? హారిక చెప్పింది. కిరాయి అంటే మనది కాదంట."

"అవును, కానీ..."

"అదీ మనది కాదు, ఇదీ మనది కాదు. మరి మనది ఏదమ్మా?"

బీకాంలో నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు రాలేదు. ఇలా వదిలేస్తే పిల్ల మా గదిని చూసి సిగ్గుపడుతూ పెరుగుతుందేమో, ఇంకెప్పుడూ బళ్ళో నోరు విప్పదేమో అని రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు టవర్ గుర్తొచ్చింది. నగర ప్రభుత్వ కార్యాలయాల కోసం కట్టిన ఎత్తైన భవనం అది. పై అంతస్తులో జనం ఊరిని చూడడానికి ఉత్తరం వైపు ఒకటి, దక్షిణం వైపు ఒకటి రెండు అద్దాల హాళ్ళు పెట్టారు. టికెట్ లేదు. ఉత్తరం కిటికీలోంచి బోరబండ గుట్ట మొత్తం కనిపిస్తుందని చర్చిలో ఎవరో అన్నారు. అంత ఎత్తు నుంచి, అంత పెద్ద ఊళ్ళో, ఇదిగో ఇది మనిల్లు అని వేలు పెట్టి చూపిస్తే దాని మనసు కుదురుకుంటుందని నాకనిపించింది.

శనివారం బడికి సెలవు. డేనియల్‌కి మాత్రం డ్యూటీ. తెల్లారగానే నేను డాబా ఎక్కి మా పసుపు దుప్పటి తీగ మీద ఆరేశాను, పైనుంచి ఆనవాలుగా ఉంటుందని. మా ఇంటావిడ యాదమ్మ కింద ముగ్గేస్తూ తలెత్తి చూసింది.

"ఉతికిన దుప్పటే మళ్ళ ఆరేస్తున్నవేంది రూతూ?"

సంగతి చెప్పి, మధ్యాహ్నం దాకా తీయొద్దని బతిమాలాను. "నేనెందుకు తీస్త బిడ్డా? పో, పైలం" అంది.

తొమ్మిది కాకముందే బస్టాండుకి చేరాం. ఆడవాళ్ళకి సిటీ బస్సులో డబ్బులక్కర్లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. వెళ్ళేవాళ్ళు కార్డు మర్చిపోకండి. బస్సు యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్, అక్కడి నుంచి చెక్‌పోస్టు వెళ్తుంది. మా పక్కన ఒకావిడ వచ్చి కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. పట్టుచీర, జడలో కనకాంబరాలు, ముఖానికి అప్పుడే మేకప్పు. కెజియా కళ్ళార్పకుండా చూస్తుంటే నవ్వి, "పెళ్ళికి కాదమ్మా, షూటింగుకి" అంది. పేరు నాగమణి. భీమవరం నుంచి వచ్చి చాలా ఏళ్ళయిందట. గుంపులో నిలబడే వేషాలు వేస్తుంది.

"ఈరోజు ఎక్కడండీ షూటింగు?" అన్నాను.

"ఏమోనండీ. కృష్ణానగర్‌లో దిగితే వ్యానెక్కిస్తారు. అది ఎక్కడ ఆగితే అక్కడ. పట్టుచీర కట్టుకుని రమ్మన్నారంటే డబ్బున్నోళ్ళ గుంపన్నమాట. పోయిన వారం మాత్రం ఇంత పెద్ద మేడలో వంటమనిషిని. అంతకుముందు అదే మేడలో జమీందారు గారి అక్కని."

"ఆ మేడ మీదా?" అంది కెజియా.

"షాట్ అయ్యేదాకా మాదే తల్లీ."

"అబద్ధం కదా?"

నాగమణి గారు నొచ్చుకోలేదు. కొంచెం ఆలోచించి, "అబద్ధం కాదమ్మా, వేషం. అబద్ధమైతే భోజనం పెట్టరు" అంది. ముందు సీట్లో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. కృష్ణానగర్‌లో ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని దిగిపోయింది.

చెక్‌పోస్టు దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. ఆ రోడ్ల మీద నడిచేవాళ్ళు తక్కువ, అన్నీ కార్లే. ప్రహరీ గోడల మీంచి కాగితప్పూల తీగలు, గోడల వెనక ఏముందో తెలీదు. ప్రతి గేటు దగ్గరా డ్రైవర్లు గుంపుగా నిలబడి చాయ్ తాగుతున్నారు. కెజియా అందరిలోనూ నాన్నని వెతికింది. డేనియల్ ఆ వేళకి మేడమ్‌ని ఏదో పెళ్ళికి తీసుకెళ్ళి ఉంటాడు.

టవర్ దగ్గరికి వెళ్తే తల పూర్తిగా వెనక్కి వంచాల్సి వచ్చింది. కింది అంతస్తుల్లో పన్నులు కట్టేవాళ్ళు, పర్మిషన్ల కోసం ఫైళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళు. పైకి వెళ్ళేవాళ్ళకి విడిగా ఒక లిఫ్టు ఉంది. సంచీ తనిఖీ చేసే సెక్యూరిటీ ఆయన ఒక్కొక్కటే బయటికి తీశాడు. బట్టలు, కవర్లు, మందు సీసా.

"ఏడికి పోతున్నవమ్మా, దవఖానకా?"

"పైకేనండీ."

"డబ్బా గీడ పెట్టిపోవాలె. తిండి పైకి తీస్కపోనియ్యరు. ఇంకోమాట, ఉత్తరం దిక్కు బంద్ ఉన్నది ఇయ్యాల. షూటింగ్."

డబ్బా ఆయన చేతికిచ్చాను. "మాకు అటువైపే కావాలండీ. ఎప్పుడు తెరుస్తారు?"

"గది ఫైటా, పాటా నాకెర్కలే. పాటైతే పొద్దూకుతది. అటు కాకపోతే ఇటు చూడున్రి, ఇటు గూడ ఊరే కద."

లిఫ్టు అంటే నాకు భయం. ఆగిపోతే, కరెంటు పోతే, తీగ తెగితే... కళ్ళు మూసుకున్నాను. చెవులు టప్‌మన్నాయి. "అమ్మా, నా చెయ్యి నొక్కేస్తున్నావ్" అని కెజియా అన్నప్పుడు కళ్ళు తెరిస్తే తలుపులు తీసి ఉన్నాయి, ఎదురుగా అంతా ఆకాశం. చెవులు మూసుకుపోయేవాళ్ళు నోట్లో ఏదైనా బిళ్ళ వేసుకుని ఎక్కితే మంచిది.

దక్షిణం హాలు నిజంగా చూడదగ్గది. కాళ్ళ కిందే జూబ్లీ హిల్స్. రోడ్డు మీద గోడలే తప్ప ఇంకేమీ చూడనివ్వని ఊరు, పైనుంచి చూస్తే గుట్టు విప్పేస్తుంది. చెట్ల మధ్య బండరాళ్ళు, వాటిని ఆనుకుని మేడలు, మేడల పక్కన నీలిమందు చుక్కలు పడ్డట్టు ఈత కొలనులు. అవతల ఫిలింనగర్ డాబాలు, ఇంకా దూరంగా మసగ్గా గోల్కొండ. నేను అద్దానికి దూరంగా నిలబడి పాప గౌను వెనక నుంచి పట్టుకున్నాను. అద్దం పగలదని తెలుసు. అయినా పట్టుకున్నాను.

"అమ్మా! మనిల్లు!"

హాలంతా వినపడేలా అరిచింది. ఎర్ర పెంకులు, మెలిక తిరిగిన కొలను, మిద్దె మీద తోట. డేనియల్ ఫోనులో ఫొటోలు చూసీ చూసీ దానికి కంఠతా వచ్చిన ఇల్లు. ఏలూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం మా పక్కనే ఉంది. వాళ్ళావిడ వంగి చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ! మీదేనా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

కెజియా నా వైపు చూసింది. నేనేమంటానా అని చూసింది.

"కాదండీ," అన్నాను. "వాళ్ళ నాన్న ఆ ఇంట్లో కారు నడుపుతారు."

"అయ్యో, దానికేముందండీ, మంచిదే" అని ఆవిడ సర్దుకుంది. మా పాప మాత్రం అద్దం వదిలేసి, గోడవారగా నేల మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకునేదాన్ని. మనిల్లు చూపిద్దామని ఇంత దూరం తీసుకొచ్చి, పిల్లకి ఆ మేడే చూపించి తీసుకెళ్తున్నాను అనుకున్నాను. ఉత్తరం హాలుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడవతల లైట్లు, పెద్ద గొడుగులు, కేకలు.

ఆ తాడు కింద నుంచి వంగి ఒక పట్టుచీర బయటికొచ్చింది. నాగమణి గారు!

"అరె, బస్సు పాప! కింద కూర్చున్నావేం తల్లీ?"

వ్యాన్ తెచ్చి దింపింది ఇక్కడేనట. నేను రెండు ముక్కల్లో సంగతి చెప్పాను, దుప్పటి సంగతితో సహా. ఆవిడ ముక్కు మీద వేలేసుకుని, "ఉండండి" అని వెనక్కి వెళ్ళింది. కాసేపటికి చేతిలో వాకీటాకీతో ఒక కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చాడు. మెడకి నాలుగు కార్డులు, కళ్ళకింద నిద్రలేని నలుపు.

"అమ్మా, జనం కొంచెం తక్కువయ్యారు. బ్యాక్‌గ్రౌండ్‌లో నిలబడతారా? డైలాగ్ ఏం లేదు. మీ వీపులే పడతాయి. పాపకి కిటికీలోంచి చూపిస్తూ, కింద మీ ఇల్లు వెతుకుతున్నట్టు చేయాలి. చేయగలరా?"

నవ్వాపుకోలేకపోయాను. నాగమణి గారు అతని వెనక నిలబడి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

అలా మేం తాడు దాటాం. హీరో, హీరోయిన్ మధ్యలో నిలబడి ఏదో పోట్లాడుకునే సీను. మమ్మల్ని వెనక కిటికీ దగ్గర, అక్కడ బిగించి ఉన్న టెలిస్కోపు పక్కన నిలబెట్టారు. సీనులో నాగమణి గారు నాకు అత్తగారట. నాకు ఎత్తు భయం కూడా గుర్తురాలేదు. బోరబండ ఎటా అని చూశాను. గుట్ట మీద గుట్టగా, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఇళ్ళు, నల్ల ట్యాంకులు, చర్చి సిలువ. సిలువ దొరికింది కాబట్టి దాని కింద మా గల్లీ.

"యాక్షన్!" అన్నారు.

కెజియా టెలిస్కోపుకి కన్ను పెట్టింది. నేను మెల్లగా తిప్పాను. సిలువ నుంచి కిందికి, ఇంకొంచెం కిందికి. వెనక హీరో గొంతు పెంచాడు. అంతలో,

"అమ్మా! అందరూ ఆరేశారు!"

"కట్! కట్!" అసిస్టెంట్ డైరెక్టర్ పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు పాపా? ఏం ఆరేశారు?"

"మా గల్లీలో అందరూ!"

అతను నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, వెతుకుతున్నట్టు చేయమన్నాను. దొరికినట్టు కాదు."

ఈసారి నేను కన్ను పెట్టాను. పసుపు దుప్పటి కోసం చూశాను. మా గల్లీలో ప్రతి డాబా మీదా, ప్రతి పిట్టగోడ మీదా ఏదో ఒకటి వేలాడుతోంది. ఎర్ర తివాచీ, పువ్వుల దుప్పట్లు, పెళ్ళినాటి జరీ చీర, కిటికీ పరదాలు, చివరికి ఎవరో బీరువా మీద కప్పే గుడ్డ కూడా. గల్లీకి గల్లీ ముస్తాబై కూర్చుంది. ఆ రంగుల్లో మా పసుపు ఎక్కడుందో నాకే అంతుపట్టలేదు.

రెండో టేకులో కెజియా పెదాలు రెండూ బిగించి, బుగ్గలు ఉబ్బించి, అరుపు లోపలే దాచుకుంది. మా వీపులు బాగా వచ్చాయన్నారు. "కట్" అనగానే ఊపిరి వదిలి, "మనిల్లు ఏదమ్మా?" అంది.

ఈ ఒక్క ప్రశ్న కోసమే కదా ఇంత దూరం వచ్చాను. "తెలియట్లేదురా," అన్నాను. "అన్నీ కలిసిపోయాయి. మన దుప్పటి ఏదో తెలియట్లేదు."

మళ్ళీ కన్ను పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత అచ్చం వాళ్ళ నాన్న అన్నం తింటూ అనే తీరులో, ఆ యాసలోనే, "ఏమైతది? గవన్ని మనయే కద" అంది.

దిగేటప్పుడు లిఫ్టులో నేను కళ్ళు మూసుకోలేదు. కింద షూటింగు వాళ్ళ భోజనం పెట్టించింది నాగమణి గారు. పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. మా పులిహోర డబ్బా విడిపించుకుని అందరికీ తలా కాస్త పెట్టాను. "పాపా, ఇప్పుడు నువ్వు కూడా మా యూనియన్నే" అని ఆవిడ దాని బుగ్గ గిల్లింది. మీరు వెళ్ళేట్టయితే పొద్దున్నే, సెలవు కాని రోజు వెళ్ళండి. ముందు ఉత్తరం వైపు తెరిచి ఉందో లేదో కింద అడగండి. సంచీ చిన్నది చాలు. నీళ్ళ సీసా, ఆధార్ కార్డు, పులిహోర తప్ప నేను మోసుకెళ్ళినవాటిలో ఏదీ వాడలేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కెజియా నా ఒళ్ళో నిద్రపోయింది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ దాటుతుంటే నేను డేనియల్ మాట గురించే ఆలోచించాను. మన బండి, మన కుక్క. అది గొప్పకి చెప్పుకునే మాటని లోలోపల కాస్త విసుక్కునేదాన్ని. తను రోజూ తుడిచే బండిని, కాపలా కాసే ఇంటిని ఇంకేమని పిలుస్తాడు పాపం.

గల్లీ మొదట్లోనే జనం పట్టుకున్నారు. యాదమ్మ ముందుకొచ్చింది.

"కనవడ్డదా బిడ్డా? నువ్వు దుప్పటి తియ్యొద్దన్నవు. ఎందుకని పక్కింటోళ్ళు అడిగిన్రు. చెప్పిన. ఇగ అందరు, రూతు పైనుంచి చూస్తదంట, మా ఇల్లు గూడ కనవడాలె అని ఎగవడ్డరు!"

అందరూ ఒకేసారి అడగడం మొదలుపెట్టారు. మాది కనిపించిందా, మా జరీ చీర కనిపించిందా? నిద్రమత్తులోనే కెజియా ఒక్కొక్కరికీ చెప్పింది. హారిక వాళ్ళమ్మ వెనక నిలబడి చూస్తోంది. "మీది కూడా కనిపించింది. ఎర్ర తివాచీ" అంది మా అమ్మాయి. హారిక ముందుకొచ్చింది. "సోమవారం మిస్‌కి చెప్తవా?" "నువ్వు చెప్పు. ఆరేసింది నువ్వు కదా" అంది కెజియా.

గల్లీ చివర ఖాజా తాత కుట్టుమిషన్ పెట్టుకుని ఉంటాడు. ఆయన లేచి వచ్చాడు. "మా ఇల్లు దిఖా బేటీ? ఆకుపచ్చ పరదా?"

నాకు తెలుసు, ఆయన ఇల్లు నీళ్ళ ట్యాంకు వెనక ఉంది. అటు నుంచి కనిపించే వీలే లేదు. కనిపించింది తాతా అనెయ్యి అన్నట్టు నేను పాప భుజం మెల్లగా నొక్కాను. పెద్దాయన, ఉబ్బసంతో మెట్లెక్కి పరదా కట్టాడు.

కెజియా నా చెయ్యి తీసేసింది.

"కనిపించలేదు తాతా. ట్యాంకు అడ్డమొచ్చింది."

ఖాజా తాత ట్యాంకు వైపు తిరిగి, గడ్డం గోక్కుని, "అచ్ఛా! ఫికర్ లేదు. మళ్ళ పోయినప్పుడు చెప్పు, ట్యాంకుకే కడ్త" అన్నాడు.

యాదమ్మ పాపని ఎత్తుకుంది. హారిక వైపు, నా వైపు, గల్లీ మొత్తం వైపు చూసి, "గీ పిల్లనా బళ్ళె అబద్ధాలాడుతదని అన్నది?" అంది.

హారిక తల దించుకుంది. నిజానికి నేనూ దించుకున్నాను.

టవర్ ఎలా ఉంటుందని నన్ను అడిగేవాళ్ళకి ఒకటే చెప్తున్నాను. ఎక్కే ముందు మీ డాబా మీద ఏదో ఒకటి ఆరేసి వెళ్ళండి. ఎందుకు ఆరేశారో పక్కింట్లో చెప్పి మరీ వెళ్ళండి.